బేస్‌మెంట్‌లో పైపుల చుట్టూ సందులు మూసిన తీరు: నా అనుభవం

పైపు చుట్టూ సందు కనబడగానే ఉబ్బి సందు నింపే స్ప్రే ఫోమ్ డబ్బా అందుకోవడం చాలామందికి అలవాటు. నేను ముందు టార్చి వేసి చూశాను. కాంక్రీటు గోడలోంచి పైపు వచ్చేచోట తెల్లటి ఉప్పు పొరో, చెమ్మ చారో ఉంటే బయటి నుంచి నీరు దిగుతున్నట్టే. ఫోమ్ ఆ నీటిని ఆపదు, కనబడకుండా చేస్తుందంతే. అక్కడ వదులైన కాంక్రీటును ఉలితో కొట్టేసి, హైడ్రాలిక్ సిమెంటు (నీటి కారుడును ఆపే, త్వరగా గట్టిపడే సిమెంటు) కూరాను. కలిపాక నాలుగైదు నిమిషాల్లోనే బిగుసుకుంటుంది, అందుకే గుప్పెడు గుప్పెడుగా కలుపుకోవాలి.

పొడి సందుల్లో అసలు చిక్కు పైపు కదలిక. వేడి 50 డిగ్రీల సెల్సియస్ పెరిగితే మీటరు పొడవు రాగి పైపు సుమారు 0.8 మి.మీ. సాగుతుంది, సీపీవీసీ ప్లాస్టిక్ పైపైతే 3 మి.మీ. దాకా. వేడినీళ్ల పైపు చుట్టూ పుట్టీ పెడితే ఉంగరంలా పగులు తేలేది ఇందుకే. సాగే సీలెంటే (సందులో నింపితే రబ్బరులా ఆరే ముద్ద) కావాలి. 6 మి.మీ. లోపు సందుకు నేరుగా సీలెంట్ సరిపోతుంది. అంతకు మించితే వెనక బ్యాకర్ రాడ్ (నొక్కితే ఒదిగే ఫోమ్ తాడు) తప్పనిసరి: 12 మి.మీ. సందుకు 16 మి.మీ. రాడ్ దూర్చి, పైన 6 మి.మీ. మందాన సీలెంట్. రాడ్‌కి సీలెంట్ అంటుకోదు. అటు పైపును, ఇటు గోడను మాత్రమే పట్టుకుని రబ్బరులా సాగుతుంది. రాడ్ లేకుండా లోపలిదాకా నింపితే మూడువైపులా పట్టేసి, సాగే వీలులేక చిరిగిపోతుంది.

గోడకు రంగు వేయాలంటే సిలికాన్ వద్దు, దానిమీద రంగు నిలవదు. నేను రంగు పట్టే పాలీయురేథేన్ రకం వాడాను. పైపుకీ గోడకీ మాస్కింగ్ టేప్ వేసి, సీలెంట్ నింపి, చెంచా వెనకభాగంతో ఒక్క ఊపులో నునుపు చేసి, పైపొర కట్టకముందే టేప్ లాగేయాలి. ఆలస్యమైతే అంచు పీచులా లేస్తుంది.

చన్నీళ్ల పైపు చెమర్చుతుంటే తడిమీద మామూలు సీలెంట్ సరిగా పట్టదు. తుడిచి ఆరబెట్టి, ఇన్సులేషన్ తొడిగి, దాని చుట్టూ మూయాలి. బాయిలర్ పొగగొట్టం దగ్గరికి మాత్రం మామూలు ఫోమ్ తేకూడదు, దానికి నిప్పంటుకుంటుంది. అక్కడ రేకు కాలరూ, ఆ వేడికి తగిన ఫైర్ సీలెంటూ వేయాలి. పైఅంతస్తుకి వెళ్లే పైపులకు మంట వేడికి ఉబ్బే రకం ఫైర్ సీలెంట్ వేయాలి.

చివర్లో పైపు చుట్టూ సందును కప్పే రెండు ముక్కల కాలర్ ప్లేటు బిగిస్తే చూడ్డానికి బాగుంటుంది, కానీ అది గాలిని ఆపదు. సీలెంట్ పని అయ్యాకే పెట్టాలి. వాల్వులు, క్లీనౌట్ (డ్రైనేజీ పైపు శుభ్రం చేసే రంధ్రం) మూతలు ఉన్నచోట అసలు మూయకుండా చిన్న తలుపు వదిలాను.