ఉండవల్లిలో కొమ్ము పురుగు

తొలకరి పడ్డ రెండో రోజు. విజయవాడ బస్టాండులో దిగి, ఆటోలో ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి చేరేసరికి గుహలు మూసేశారు. పవళించిన అనంతపద్మనాభస్వామిని మావాడికి చూపిద్దామనుకున్నా. 7 ఏళ్ల వాడికి ఆ బెంగేమీ లేదు. వాడి ధ్యాసంతా స్టాగ్ బీటిల్ మీదే. ఏదో వీడియోలో రెండు మగ పురుగులు కుస్తీ పట్టడం చూశాడట. జింక కొమ్ముల్లా కనిపించేవి నిజానికి దవడలని బస్సులో ఎన్నిసార్లు చెప్పానో!

రాత్రి మామయ్యగారి వసారాలో భోంచేస్తుంటే బల్బు చుట్టూ జుయ్యిమని తిరిగిందొకటి, గోడకు గుద్దుకుని పప్పుగిన్నె పక్కన వెల్లకిలా పడింది. నల్లగా, నున్నగా, బొటనవేలంత.

"స్టాగ్ బీటిల్!" ఎగిరి గంతేశాడు మావాడు.

"దొంగ సచ్చినోడు, కొమ్ము పురుగురా" అన్నాడు మామయ్య, దాన్ని తిరగేసి. "తోక దగ్గర ఎర్రనూగు లేదు చూడు, మగది." ముక్కు మీద వెనక్కి వంగిన ఒంటికొమ్ము. ఆడదానికీ ఉంటుందిగానీ పొట్టిది. నేను వేలు పెడితే ముళ్లకాళ్లతో పట్టేసుకుంది. విడిపించబోతే కిర్రుకిర్రుమని అరిచింది కూడా!

పొద్దున్నే తోటలోకి తీసుకెళ్లాడు. కొబ్బరి మట్టలకు అటూ ఇటూ ఆకు కత్తెరతో కోసినట్టుంది. ఇంకా విచ్చుకోని మొవ్వులోకి పురుగు తొలుచుకుపోతుందట. మడతలో పడ్డ కోత ఆకు విచ్చుకున్నాక రెండు వైపులా ఒకేలా తేలుతుంది, మనం కాగితం మడిచి కత్తిరించినట్టు. యూరప్ స్టాగ్ బీటిల్ సాధుజీవి: పుచ్చిన కర్ర తింటూ పిల్లపురుగుగానే ఏళ్లు గడిపి, రెక్కలొచ్చాక ఒక్క వేసవి చెట్టు రసం చప్పరించి పోతుంది. మన దాంట్లో రెక్కలొచ్చిందే రౌడీ. అందుకే మామయ్య మట్టల సందుల్లో ఇసుక, వేపపిండి కలిపి పోయిస్తాడు, కన్నం కనిపిస్తే ఇనప కొక్కెంతో లాగిస్తాడు.

తోట చివర పెంటకుప్పను పారతో తిరగేశాడు. చుట్టచుట్టుకున్న తెల్లటి పురుగులు, గోధుమరంగు తలలు. కోళ్లు పరుగెత్తుకొచ్చాయి.

"అయితే వీటిని పెంచుతోంది నువ్వేగా, తాతయ్యా?"

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుప్పను దూరంగా వెయ్యమని ఆవిడ ఎప్పట్నుంచో పోరుతోందట.

మావాడు ఒక పురుగును నా టిఫిన్ డబ్బాలో పెట్టబోయాడు.

"తీసుకెళ్లరా, రెక్కలొచ్చేదాకా నెలల తరబడి మేపాలి. హైదరాబాదులో పేడ ఎవరు తెస్తారు?" అన్నాడు మామయ్య.

వాడు నా వంక చూశాడు.