పౌండ్లు కట్టి లద్దె ఎత్తించాం

"చదువుకోకపోతే గేదెలు కాచుకోవాలి" అన్న మాట వినకుండా పెరిగిన తెలుగువాళ్లు మా తరంలో తక్కువే. ఆ భయంతోనే చదివాం, ఇంగ్లండ్ దాకా వచ్చాం. వచ్చి, మొన్న ఆగస్టులో డెవన్‌లోని ఒక పొలంలో టెంటు వేసుకుని, మా ఎనిమిదేళ్ల పిల్ల చేతికి పార ఇచ్చి పోనీ అనే పొట్టి గుర్రం లద్దె ఎత్తించాం. దానికి పౌండ్లు కట్టాం. విజిటర్ వీసా మీద వచ్చిన మా అమ్మ ఆ రేటును రూపాయల్లోకి మార్చి చూసుకుని చాలాసేపు నాతో మాట్లాడలేదు.

ఆవిడకు ఎలా చెప్పాలో నాకూ తెలియలేదు. అసలు చిక్కంతా క్యాలెండర్‌లో ఉంది. ఇక్కడి బళ్లకు పెద్ద సెలవులు జూలై చివర్లో మొదలై సెప్టెంబరు మొదట్లో అయిపోతాయి. అప్పటికి మన ఊళ్లో ముంజలు, మామిడిపళ్లు, డాబా మీద పడకలు అన్నీ ముగిసి ముసురు పట్టి ఉంటుంది. సంక్రాంతికి వెళ్దామంటే జనవరి మొదటి వారానికే బడి తెరుస్తారు. అనుమతి లేకుండా ఐదు రోజులు బడి మాన్పిస్తే జరిమానా రావచ్చు. 2024 ఆగస్టు నుంచి అది ఒక్కో పిల్లకు తల్లికి 80, తండ్రికి 80 పౌండ్లు. మూడు వారాల్లో కట్టకపోతే రెట్టింపు. కనుమ నాడు పశువుల కొమ్ములకు రంగులు వేస్తారని మా పిల్లలకు బొమ్మల్లోనే తెలుసు.

సరే, జరిమానా కట్టి తీసుకెళ్లామే అనుకోండి. తెనాలి దగ్గర మా పొలం కౌలుకిచ్చేశాం. కొట్టంలో ఇప్పుడు కారు ఉంటోంది. కనుమకి మా అన్నయ్య ట్రాక్టరుకు పసుపు కుంకుమ పెట్టి ఫోటో పంపాడు. వెళ్లిన నాలుగు రోజులూ పిల్లలు చుట్టాలే. ఎండలోకి వెళ్లకు, పక్కింటి గేదె కుమ్ముతుంది, ఆ నీళ్లు తాగకు, ఇదిగో సీసా తెప్పించాం. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ ఏ పనీ చేతికివ్వని ఊరు పిల్లలకు ఎంతకీ అలవాటు కాదు. ఎయిర్‌పోర్టు లాంజ్‌లో కూర్చున్నట్టే కూర్చుని, ట్యాబ్ చూసుకుని వచ్చేస్తారు.

డార్ట్‌మూర్ అనే కొండ బీడు అంచున ఉన్న ఆ పొలంలో తీరు వేరు. టెంట్లకు ఒక వాలు బీడు, దాని పక్కన పోనీల దొడ్డి, అవతల ఆవులు. అమ్మ టెంటులో పడుకోలేదు కాబట్టి ఆవిడకు చక్రాల మీద నిలబెట్టిన చెక్క గది తీసుకున్నాం. పూర్వం గొర్రెలు ఈనే రోజుల్లో కాపరులు ఇలాంటి బళ్లలోనే మంద దగ్గర కాపలా పడుకునేవారట. ఇప్పుడు అందులో మంచం, చిన్న పొయ్యి, కిటికీకి పూల కర్టెన్ ఉన్నాయి. మిగతా వసతుల గురించి చెప్పేదేమీ లేదు: వాన పడింది, బాత్రూమ్ దూరం, కుక్కర్ విజిల్‌కి పక్క టెంటువాళ్ల కుక్క మొరిగింది.

పొలం యజమానురాలు అరవై దాటిన మనిషి. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: పోనీని శుభ్రం చేయనివాళ్లు దాన్ని ఎక్కకూడదు. ఐదేళ్ల మావాడికి కూడా మినహాయింపు లేదు. ముందు రబ్బరు దువ్వెనతో గుండ్రంగా రుద్ది బురద రాల్చాలి, తర్వాత బ్రష్, చివర డెక్కలు. పోనీకి సరిగ్గా వెనక నిలబడకూడదు. దాని పక్కనే, తోక వైపుకి తిరిగి నిలబడి, భుజం మీది నుంచి కాలి వెంబడి చెయ్యి కిందకి జార్చుకుంటూ వెళ్లి చిన్నగా నొక్కితే అదే కాలు ఎత్తుతుంది. ఎత్తిన డెక్కను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఇనుప కొక్కెం పెట్టి మడమ నుంచి ముందుకి గీరాలి. డెక్క మధ్యలో త్రికోణంలా మెత్తటి చోటు ఉంటుంది, దాన్ని మాత్రం గుచ్చకూడదు.

మా పెద్దది నొక్కింది. పోనీ కదల్లేదు. మళ్లీ నొక్కింది, అది మేత నములుతూనే ఉంది. నేను "జాగ్రత్తమ్మా, తన్నుతుంది, వెనక్కి రా" అని నా ధోరణిలో నేను అంటూనే ఉన్నాను. ఆవిడ నా దగ్గరకొచ్చి, గేటు అవతల నిలబడతారా, మీ టెన్షన్ పోనీకి తెలిసిపోతోంది అంది. అవతలికి వెళ్లాను. కాసేపటికి పిల్ల తన భుజాన్ని పోనీ భుజానికి ఆనించి కొంచెం బరువు వేసింది, కాలు లేచింది. బురద, గడ్డి, వాటితోపాటు బఠాణీ గింజంత రాయి ఊడిపడింది. ఆ రాయి జేబులో వేసుకుంది. స్వారీ అంటే పది నిమిషాలు తాడు పట్టుకుని దొడ్డి చుట్టూ తిప్పడమే. దాని గురించి ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పలేదు. రాయి గురించి అందరికీ చెప్పింది.

అమ్మ మనసు మాత్రం ఇంకో పోనీ మీద ఉంది. బొద్దుగా, తెల్లగా ఉండే ఆ ముసలి పోనీ నోటికి బుట్టలాంటిది కట్టి ఉంచారు. "పాపం, పచ్చగడ్డి మధ్య నిలబెట్టి నోరు కట్టేశారేమే?" అని క్యారెట్లు పట్టుకుని బయల్దేరింది. ఇక్కడి గడ్డిలో చక్కెర ఎక్కువ. పోనీలు కొండల మీద గరుకు మేతతో బతికిన జాతి కాబట్టి తీపి గడ్డి ఎక్కువ తింటే డెక్కల లోపల వాపు వచ్చి నడవలేకపోతాయి. లామినైటిస్ అంటారు, ముదిరితే ప్రాణం మీదికే వస్తుంది. ఇదంతా నేను తెలుగులో చెబుతుండగానే అమ్మ, "ఓ, చిక్కమా!" అని మనవరాలి వైపు తిరిగింది. కుప్ప నూర్చేటప్పుడు ఎడ్లు గింజలు తినకుండా వాళ్ల నాన్న తాడుతో అల్లి కట్టేవాడట, ఆ అల్లిక వేళ్లతో చూపించింది. మా ఇంట్లో ఎవరి నోటికీ చిక్కం కట్టని మనిషి, ఇంకో ముద్ద ఇంకో ముద్ద అంటూ వెంటపడే మనిషి, పోనీకి మాత్రం క్యారెట్ పెట్టకుండా వెనక్కి వచ్చేసింది.

ఒక మధ్యాహ్నం డార్ట్‌మూర్ మీదికి వెళ్లాం. 1951 నుంచి అది నేషనల్ పార్క్. రాళ్ల గుట్టల మధ్య తిరిగే పోనీలను చూస్తే అడవి జంతువులనుకుంటాం గానీ ప్రతిదానికీ ఒక రైతు యజమాని ఉంటాడు. ఏటా చలి ముదరకముందే అన్నింటినీ తోలుకొచ్చి ఎవరివి వాళ్లు వేరు చేసుకుంటారు. వాటికి మేత పెట్టడం నిషేధం, ఎందుకంటే బిస్కెట్ రుచి మరిగినవి రోడ్ల మీదికొచ్చి కార్ల కింద పడతాయి. ఆ మూర్‌లో కొన్ని చోట్ల భూమి యజమాని అనుమతి అడక్కుండానే టెంటు వేసుకోవచ్చని 2025 మేలో ఇక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చిందని మావారు ఫోన్లో చదివి వినిపించారు. అమ్మ ఆయన్ని చూసిన చూపుకి ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

నాకు బాగా గుర్తుండిపోయింది ఆవుల దగ్గర జరిగిందే. ఎర్రటి డెవన్ ఆవులు, రెడ్ రూబీ అంటారు, ఒక్కోదాని పొదుగు దగ్గర ఒక్కో దూడ. అమ్మ కంచె పట్టుకుని నిలబడిపోయింది. "చూశావుటే, పాలన్నీ దూడకే వదిలేశారు. మనం చేపడానికి నిమిషం వదిలి, చేపగానే లాగి కట్టేసేవాళ్లం. వీళ్లు పుణ్యాత్ములు."

"తినడానికి పెంచుతున్నారు అమ్మమ్మా," అంది పిల్ల. పొద్దున్నే ఆ రైతమ్మని అడిగి తెలుసుకుందట. దూడలు ఏడెనిమిది నెలలు తల్లి పాలు తాగుతాయి, తర్వాత విడదీసి మేపి మాంసానికి పంపుతారు. ఆవిడ దాచలేదు, మెత్తగా కూడా చెప్పలేదు.

అమ్మ కంచె మీంచి చెయ్యి తీసేసింది. పిల్ల ఆగలేదు. "మీ దూడలు ఏమయ్యాయి?"

"పెయ్యలైతే పెరిగి పాలిచ్చేవి."

"మరి బాయ్స్?"

"దున్నల్ని సంతలో అమ్మేవాళ్లం."

"ఎవరు కొనేవాళ్లు?"

"అరకకి కట్టుకునేవాళ్లు."

"అన్నిటినీనా?"

"చేతులు కడుక్కుని రండి, అన్నం చల్లారిపోతోంది," అని అమ్మ వెళ్లిపోయింది. చేతులు కడగడం ఆ పొలంలో ఎలాగూ పెద్ద చట్టమే. పశువుల నుంచి ఈ-కోలి లాంటి బ్యాక్టీరియా పిల్లలకు సోకుతుంది, శానిటైజర్ చాలదు, సబ్బూ నీళ్లూ ఉండాల్సిందే. పిల్ల సబ్బు రుద్దుకుంటూ నా వైపు చూసింది.

నేను జవాబు చెప్పాను. మన ఊళ్లలో మగ దూడకి చాలామంది కడుపునిండా పాలు వదలరని, కొన్ని బలహీనపడి చనిపోతాయని, అరకలు పోయి ట్రాక్టర్లు వచ్చాక సంతలో కొన్నవాళ్లు ఎక్కడికి తోలుకెళ్తారో అందరికీ తెలుసని, ఎవరూ ఆ మాట అనరని. మేం బీఫ్ తినం. పెరుగు లేనిదే మాకు ముద్ద దిగదు. ఆ పెరుగుకీ ఆ దూడకీ ఉన్న సంబంధం నా పిల్ల డెవన్‌లో అడిగింది. మా ఊళ్లో అయితే అడిగేది కాదు, అడిగేంత దగ్గరగా ఎవరూ వెళ్లనివ్వరు. ఎనిమిదేళ్ల పిల్లకి అంత అక్కర్లేదని మావారి అభిప్రాయం. ఆ రాత్రి టెంటులో గుసగుసగా వాదించుకున్నాం, ఇప్పటికీ ఎవరి మాట వాళ్లదే. పిల్ల పెరుగన్నం మానలేదు. ఇక్కడి పాల కంపెనీల మగ దూడల సంగతేమిటని మాత్రం అడిగింది, దానికీ చెప్పాను.

ఇంటికొచ్చాక గొడవ శనివారం దగ్గర వచ్చింది. మా దగ్గర్లోని రైడింగ్ స్కూల్లో చిన్నపిల్లల క్లాసు శనివారం పొద్దున, తెలుగు బడీ అప్పుడే. పిల్ల ఇప్పుడిప్పుడే వత్తుల దాకా వచ్చింది, వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుందని నా బెంగ. అమ్మ నా పక్షమే ఉంటుందనుకున్నాను. "తెలుగు నేను ఫోన్లో చెప్తాలే. డెక్క గీరడం ఫోన్లో చెప్పలేను కదా," అంది, సూట్‌కేసు సర్దుకుంటూ. నేను ఇంకా ఒప్పుకోలేదు. ప్రస్తుతానికి ఆదివారం క్లాసు వెయిటింగ్ లిస్టులో పేరు రాయించాం.