గెలుపు దగ్గరపడిన కొద్దీ

రెండో ప్రపంచ యుద్ధం చివరి ఏడాది గురించి కొన్నాళ్లుగా చదువుతున్నాను. హిట్లర్ ఓటమి ఖాయమయ్యాక బ్రిటన్, అమెరికా, సోవియట్ యూనియన్ లాంటి మిత్రదేశాల మధ్యే ఇంత టెన్షన్ పెరిగిందని స్కూల్లో మాకెవరూ చెప్పలేదు.

1944 అక్టోబర్‌లో మాస్కోలో బ్రిటన్ ప్రధాని చర్చిల్ ఒక కాగితం మీద అంకెలు వేశాడు. రొమేనియాలో 90 శాతం పలుకుబడి రష్యాకు, గ్రీస్‌లో 90 శాతం బ్రిటన్‌కు, యుగోస్లావియాలో చెరి సగం. సోవియట్ నేత స్టాలిన్ నీలం పెన్సిల్‌తో టిక్కు పెట్టాడు. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టే. ఆ దేశాల ప్రజల్ని అడిగినవాళ్లే లేరు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది పోలండ్. 1939లో బ్రిటన్ యుద్ధంలోకి దిగిందే ఆ దేశం మీద దాడి జరిగిందని. పోలిష్ సైనికులు ఇటలీలో మాంటె కాసినో కొండ మీద ప్రాణాలిచ్చారు. 1945 ఫిబ్రవరిలో క్రిమియాలోని యాల్టాలో చర్చిల్, స్టాలిన్, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ముగ్గురూ కూర్చుని పోలండ్ తూర్పు భాగాన్ని సోవియట్ యూనియన్‌కు వదిలేశారు. ఆ సైనికుల్లో చాలామంది ఊళ్లు అక్కడే ఉన్నాయి! స్వేచ్ఛగా ఎన్నికలు జరుపుతామని రాసుకున్నారు, 1947లో జరిగింది మాత్రం రిగ్గింగ్. రూజ్‌వెల్ట్‌ను నేను పూర్తిగా తప్పుపట్టలేను. అప్పటికే సోవియట్ ఎర్రసైన్యం పోలండ్‌లో ఉంది, జపాన్ మీద యుద్ధానికి స్టాలిన్ సాయం కావాలి. అయినా మనసు ఒప్పుకోవడం లేదు.

జులైలో జర్మనీలోని పాట్స్‌డామ్‌లో నేతలు మళ్లీ కలిసే నాటికి రూజ్‌వెల్ట్ చనిపోయాడు. కొత్త ఆయుధం ఉందని ఆయన స్థానంలో వచ్చిన ట్రూమన్ స్టాలిన్ చెవిన వేశాడు, అణుబాంబు అని మాత్రం చెప్పలేదు. గూఢచారుల వల్ల స్టాలిన్‌కు ఆ సంగతి ముందే తెలుసు.

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో వీటో లెక్క కూడా యాల్టాలోనే తేలిందట. ఇక దాని గురించి చదవాలి.