జరగని విచారణకు జ్యూరీ పిలుపు

మంగళవారం, రాత్రి పదిన్నర.

ఉదయం ఏడున్నరకల్లా కౌంటీ కోర్టు భవనంలో ఉండాలని సమన్లలో రాసి ఉండటంతో చీకటితోనే లేచి, డబ్బాలో ఇంత పులిహోర పెట్టుకుని బయలుదేరాను. అమెరికా పౌరసత్వం తీసుకుని తొమ్మిదేళ్లయినా నాకు జ్యూరీ పిలుపు రావడం ఇదే మొదటిసారి. మా కౌంటీలో పద్ధతి ఒక రోజు లేదా ఒక కేసు; అంటే ఏ కేసుకూ ఎంపిక కాకపోతే సాయంత్రానికి బాధ్యత తీరిపోతుంది, ఎంపికైతే ఆ కేసు ముగిసేవరకూ రావాలి. ఎంపిక కాకూడదని మావారు, కావాలని నేను కోరుకున్నాం. పన్నెండు మంది మామూలు మనుషులు ఒక గదిలో కూర్చుని ముక్కూ మొహం తెలియని మరో మనిషి దోషి అవునో కాదో తేల్చే పద్ధతిని మన దేశం ఎప్పుడో వదిలేసింది. ఇక్కడ అది ఎలా నడుస్తుందో లోపలి నుంచి చూడాలన్న కుతూహలం నాకు చాలా కాలంగా ఉంది.

కింది అంతస్తు హాలులో వందమందికి పైగా ఉన్నాం. రైల్వే వెయిటింగ్ రూముకూ ఈ హాలుకూ ఉన్న తేడా ఒక్కటే, ఇక్కడ మనం ఎక్కవలసిన బండి ఏదో, అసలు వస్తుందో రాదో ఎవరూ చెప్పరు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ, స్కూలు బస్సు నడిపి రిటైరయ్యారట, ఇది తనకు నాలుగో పిలుపని, ఇంతవరకూ ఒక్క విచారణ కూడా పూర్తిగా చూడలేదని, ఊలు అల్లుకుంటూనే చెప్పారు. ఆ మాటలో ఎంత అర్థం ఉందో అప్పటికి నాకు తెలియదు.

పదింటికి నా పేరుతో కలిపి ముప్ఫై అయిదు పేర్లు పిలిచి మూడో అంతస్తులోని కోర్టుకు తీసుకెళ్లారు. నిందితుడికి ఇరవై నాలుగో ఇరవై అయిదో ఉంటాయి. వేసుకున్న కోటు భుజాల దగ్గర జారిపోతోంది, దాని మీద మడతల గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. జైలు దుస్తుల్లో జ్యూరీ ముందు విచారణకు నిలబడమని నిందితుణ్ణి బలవంతపెట్టకూడదని 1976లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కోటు అతనిదేనా లేక ఈ పూటకు ఎవరైనా అరువిచ్చారా అని నాకు సందేహం కలిగింది. అభియోగం, మనుషులు నివసించే ఇంట్లో దొంగతనానికి చొరబడటం.

మా రాష్ట్రమైన ఇల్లినాయ్ సుప్రీంకోర్టు నియమం ప్రకారం క్రిమినల్ కేసులో జ్యూరీని ఎంచుకునేటప్పుడు న్యాయమూర్తి నాలుగు సూత్రాలు చెప్పి, అవి అర్థమయ్యాయా, వాటిని అంగీకరిస్తున్నారా అని జ్యూరర్లను తప్పక అడగాలి. నిందితుణ్ణి నిర్దోషిగానే భావించాలి. సహేతుకమైన సందేహానికి తావులేకుండా నేరాన్ని రుజువు చేయవలసింది ప్రభుత్వమే. నిందితుడు తన తరఫున ఏ సాక్ష్యమూ చూపనక్కరలేదు. అతను బోనెక్కి మాట్లాడకపోతే ఆ మౌనాన్ని అతనికి వ్యతిరేకంగా లెక్కించకూడదు. న్యాయమూర్తి ఈ నాలుగింటినీ ఎంత నెమ్మదిగా, ఎంత శ్రద్ధగా చదివారంటే, ఒక్కొక్క దానికీ "అర్థమైంది, అంగీకరిస్తున్నాను" అంటున్నప్పుడు నాకు పౌరసత్వ ప్రమాణం రోజు గుర్తొచ్చింది.

ఆ తరువాతి ప్రశ్న, మీ ఇంట్లో ఎప్పుడైనా దొంగతనం జరిగిందా అని. నేను చెయ్యెత్తాను. ఏడేళ్ల కిందట మేము ఊళ్లో లేని వారాంతంలో వెనక తలుపు పగలగొట్టి, అలమారలో ఉన్న మా అమ్మ కాసుల పేరు, రెండు జతల గాజులు పట్టుకుపోయారు. భారతీయుల ఇళ్లలో బంగారం ఉంటుందని తెలిసే వస్తారని ఆనాడు పోలీసులే అన్నారు. దొంగ దొరకలేదు. ఈ సంగతంతా కోర్టులో చెప్పాక, "అయినా ఈ కేసులో మీరు నిష్పాక్షికంగా ఉండగలరా?" అని న్యాయమూర్తి అడిగారు. ఉండగలనన్నాను. అంటూండగా ఆ అబ్బాయి తల తిప్పి నావైపు చూశాడు.

మధ్యాహ్నం భోజనానికి వదిలి ఒంటిగంటన్నరకు రమ్మన్నారు. ఒంటిగంటన్నర రెండయింది, రెండు మూడయింది. మూడుంపావుకు లోపలికి పిలిచేసరికి నిందితుడి కుర్చీ ఖాళీగా ఉంది. అభియోగం తగ్గించుకునే షరతు మీద అతను నేరాన్ని ఒప్పుకున్నాడని, ఇక విచారణ ఉండదని న్యాయమూర్తి తెలియజేసి, మీ కాలం వృథా అయిందని అనుకోవద్దు, బయట జ్యూరీ సిద్ధంగా ఉంటేనే ఇలాంటి కేసులు తెములుతాయి అని అందరికీ ధన్యవాదాలు చెప్పారు. న్యాయమూర్తిగా ఆవిడ మర్యాదకే అన్నారు. కానీ కారు పార్కింగు దాటేదాకా ఆ వాక్యం నన్ను వదల్లేదు. నేను అక్కడ కూర్చున్నది తీర్పు చెప్పడానికి కాదన్నమాట. పక్క గదిలో జరుగుతున్న బేరంలో ఒక పక్షాన్ని తొందరపెట్టడానికి.

ఇంటికొచ్చి, ఇలాంటి కేసుల గురించి ఇక చదువుకోవచ్చని అనుమతి ఇచ్చారు కనుక, ముందు ఇల్లినాయ్ చట్టం తెరిచి చూశాను. నివాస గృహంలో చొరబాటుకు నాలుగు నుంచి పదిహేనేళ్ల జైలు. జైలు లేకుండా, నిఘాలో బయటే ఉంచే ప్రొబేషన్‌తో సరిపెట్టే అధికారం న్యాయమూర్తికి లేదు. అదే పని మామూలు భవనంలో చేసినట్టు రాసుకుంటే మూడు నుంచి ఏడేళ్లు, ప్రొబేషన్‌కూ అవకాశం ఉంటుంది. ఈ అబ్బాయి ఏ అభియోగానికి ఒప్పుకున్నాడో మాకు చెప్పలేదు. అయితే ఇలాంటి కేసుల్లో బేరానికి ఎంత చోటుందో ఈ రెండు అంకెలే చెబుతున్నాయి. పదిహేనేళ్లు పడవచ్చన్న భయం ఒకవైపు, ఈ సాయంత్రమే తేలిపోయే సంగతి మరోవైపు ఉన్నప్పుడు, చేయని నేరాన్నయినా ఒప్పుకోవాలని ఎవరికైనా అనిపించదా?

అమెరికా రాజ్యాంగం నేర విచారణకు జ్యూరీ ఉండాలని ఒకచోట కాదు, రెండుచోట్ల చెబుతుంది: మూడో అధికరణంలో ఒకసారి, ఆరో సవరణలో మరోసారి. ఆచరణ వేరు. 2012లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆంథనీ కెనడీ రాసిన తీర్పుల ప్రకారం ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోర్టుల్లో పడిన శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల కోర్టుల్లో 94 శాతం నిందితులు నేరం ఒప్పుకోవడం వల్ల వచ్చినవే. బస్సు నడిపిన పెద్దావిడకు నాలుగు పిలుపుల్లోనూ ఒక్క విచారణ దక్కకపోవడం ఆవిడ దురదృష్టం కాదు.

బేరమే తప్పని నేను అనను. కేసులన్నిటికీ విచారణ జరపాలంటే కోర్టులు ఆగిపోతాయని ప్రాసిక్యూటర్లు చెప్పేదాంట్లో కొంత నిజం ఉంది. మా ఇంట్లో దొంగతనం చేసినవాడు దొరికి, తానే చేశానని ఒప్పుకుని ఉంటే, కోర్టులో నిలబడి మా అమ్మ నగల గురించి పరాయి వకీలు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పే బాధ నాకూ తప్పేది. నా అభ్యంతరం మొదట చెప్పే ధర మీద. కొట్టువాడు ముందే ధర మూడింతలు చేసి చెప్పి, ఆపైన సగానికి తగ్గిస్తే అది మనకు చేసిన ఉపకారం కాదని చీర కొనడానికి వెళ్లిన ప్రతి ఆడదానికీ తెలుసు. కెంటకీలో పాల్ హేస్ అనే వ్యక్తి మీద 88 డాలర్ల 30 సెంట్ల ఫోర్జరీ చెక్కు కేసు పెట్టారు. ఒప్పుకుంటే అయిదేళ్లకు సిఫార్సు చేస్తామని, ఒప్పుకోకపోతే పాత నేరాలు కూడా కలిపి అలవాటైన నేరస్థుడిగా అభియోగం మోపుతామని ప్రాసిక్యూటర్ దాపరికం లేకుండా చెప్పారు. హేస్ విచారణ కోరుకున్నాడు. అతనికి యావజ్జీవం పడింది. 1978లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో అందులో తప్పేమీ లేదంది. విచారణ అడిగినందుకు పడే ఈ అదనపు శిక్షను ఇక్కడివాళ్లు 'ట్రయల్ పెనాల్టీ' అంటారు.

ఆ బేరంలో నిందితుడు జైల్లో ఉండి మాట్లాడుతున్నాడా, ఇంట్లో ఉండి మాట్లాడుతున్నాడా అన్నది కూడా ధరను మారుస్తుంది. న్యూయార్క్‌లో కలీఫ్ బ్రౌడర్ అనే పదహారేళ్ల కుర్రవాణ్ణి 2010లో ఒక బ్యాగు దొంగిలించాడన్న ఆరోపణ మీద పట్టుకున్నారు. ఇంటివాళ్లు 3,000 డాలర్ల బెయిలు కట్టలేకపోవడంతో విచారణ అన్నది లేకుండానే మూడేళ్లు రైకర్స్ దీవి జైల్లో ఉన్నాడు. ఒప్పుకుంటే ఇప్పటికి అనుభవించిన జైలుతోనే సరిపెట్టి పంపేస్తామన్నా, చేయని పనిని చేశానని చెప్పనన్నాడు. చివరికి కేసే కొట్టేశారు. బయటికొచ్చిన రెండేళ్లకు, 2015లో, ప్రాణం తీసుకున్నాడు. అతనిలా కాదనకుండా ఒప్పేసుకుని ఇంటికి వెళ్లిపోయినవాళ్ల పేర్లు మనకు తెలియవు. 2023 సెప్టెంబరు 18న నగదు బెయిలును పూర్తిగా తీసేసిన మొదటి రాష్ట్రం మా ఇల్లినాయ్ కావడం, దాని మీద ఇక్కడ ఎంత గొడవ జరిగినా, నాకు సంతోషంగానే ఉంది. ఇప్పుడు ప్రమాదకరమైన మనిషనో పారిపోతాడనో ప్రభుత్వం వాదించి న్యాయమూర్తిని ఒప్పిస్తేనే లోపల ఉంచుతారు. జేబులో డబ్బు లేదని ఉంచరు.

మనవాళ్లకు ఈ బేరంలో మరో ఉచ్చు ఉంది. రెండేళ్ల కిందట మాకు తెలిసినవారి అబ్బాయి, ఇక్కడ ఎం.ఎస్. చదవడానికి వచ్చినవాడు, ఒక దుకాణంలో నలభై డాలర్లలోపు సరుకులను స్కాన్ చేయకుండా తెచ్చాడని కేసు పడింది. ఒప్పుకుంటే ఆరు నెలలు కోర్టు పర్యవేక్షణ, బుద్ధిగా ఉంటే రికార్డులో శిక్షగా నమోదు కాదు అని చెప్పారు. ఇల్లినాయ్ చట్టం ప్రకారం ఆ మాట నిజమే. కానీ 1996లో మార్చిన ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో నేరం ఒప్పుకుని ఏదైనా షరతుకు లోబడితే చాలు, అది శిక్షే. వీసా దగ్గరా గ్రీన్‌కార్డు దగ్గరా దానికి సమాధానం చెప్పుకోవాలి. ఆ పిల్లవాడు అదృష్టవశాత్తూ సంతకం పెట్టే ముందు ఇమిగ్రేషన్ వకీలును అడిగాడు, తరగతులకు హాజరైతే నేరం ఒప్పుకోకుండానే కేసు ఎత్తేసే మార్గం దొరికింది. వియత్నాం యుద్ధంలో అమెరికా తరఫున పోరాడి, నలభై ఏళ్లకు పైగా ఇక్కడే నివసించిన హోసే పడియా అనే హోండురాస్ మనిషికి, దేశం నుంచి పంపేస్తారన్న చింత వద్దని వకీలే తప్పు సలహా ఇచ్చారు. ఆ కేసులోనే 2010లో సుప్రీంకోర్టు, నేరం ఒప్పుకుంటే దేశం విడిచి వెళ్లవలసి రావచ్చని విదేశీ కక్షిదారును హెచ్చరించడం వకీలు విధి అని తేల్చింది.

సంస్కరణలు లేకపోలేదు. వర్జీనియాలో జ్యూరీని కోరుకుంటే శిక్ష కూడా జ్యూరీయే వేసే నియమం ఉండేది, దానికి భయపడి చాలామంది నిందితులు జ్యూరీ జోలికే వెళ్లేవారు కాదు. 2021 జూలై నుంచి, నిందితుడు ప్రత్యేకంగా కోరితే తప్ప, శిక్ష వేసేది న్యాయమూర్తే. తన చేతిలోని ఆధారాలను ప్రాసిక్యూటర్ ముందుగానే నిందితుడికి చూపించాలని న్యూయార్క్ 2019లో చట్టం చేసి, 2020 నుంచి అమలుపెట్టి, కేసులు కొట్టుకుపోతున్నాయన్న ఫిర్యాదులతో 2025లో కొంత సడలించింది. ఇక్కడి వకీళ్ల సంఘం, అమెరికన్ బార్ అసోసియేషన్, నియమించిన బృందం 2023లో పద్నాలుగు సూత్రాలు ప్రకటించి, ట్రయల్ పెనాల్టీ పోవాలంది. అలాస్కా 1975లో ఈ బేరాలను ఏకంగా నిషేధించింది. కోర్టులు కూలిపోలేదు, కానీ నిషేధమే నెమ్మదిగా నీరుగారింది. నాకు వీటన్నిటిలో న్యూయార్క్ దారే ముఖ్యమనిపిస్తుంది. ఎదుటివాడి చేతిలో ఏముందో తెలియకుండా ఆడేదాన్ని పేకాట అనవచ్చు గాని, ఒప్పందమని ఎలా అంటాం?

ఆ అబ్బాయి నేరం చేసే ఉండవచ్చు. అతను దొంగిలించిన ఇంట్లోనూ ఎవరి అమ్మదో గొలుసు పోయి ఉండవచ్చు. నేరం ఒప్పుకునేముందు న్యాయమూర్తి నిందితుణ్ణి నిలబెట్టి, జ్యూరీ విచారణ హక్కును, మౌనంగా ఉండే హక్కును, సాక్షులను ప్రశ్నించే హక్కును స్వచ్ఛందంగా వదులుకుంటున్నావా అని అడగాలి. ఉదయం మాకు చదివిన నాలుగు సూత్రాల్లో ఒక్కటీ అక్కరలేదని మధ్యాహ్నం మేము లేనప్పుడు అతని చేత చెప్పించి ఉంటారు. మేమూ "అవును" అన్నాం, అతనూ "అవును" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర మావారు, "ఏం తేలింది?" అని అడిగారు. "మాదాకా రాలేదు" అన్నాను. నిష్పాక్షికంగా ఉండగలనని చెప్పావుగా, నిజంగా ఉండేదానివేనా అని ఆయన అడగలేదు. మిగిలిన పులిహోర పారబోసి, డబ్బా కడిగి పెట్టాను.