45 రోజులు

బాలానగర్‌లో మా అట్టపెట్టెల షెడ్డు తాళం తీయగానే నేను ముందు చూసేది బాకీల పుస్తకమే. ఒక పెద్ద కొనుగోలుదారు నాలుగు నెలలుగా ‘వచ్చే వారం’ అంటున్నారు. శనివారం కూలీ మాత్రం ఆగదు, ఆగకూడదు కూడా.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, మాలాంటి చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకున్నవారు డబ్బు కట్టడానికి ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా అది 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ! పక్క షెడ్డులో లేత్ పని చేసే అన్న చెప్పేదాకా నాకు ఇది తెలియదు.

ఫిర్యాదు చేస్తే ఆర్డర్లు పోతాయన్న భయం ఉంది. అయినా నిన్న రాత్రి బిల్లులన్నీ తేదీల వారీగా పేర్చి, ఉద్యమ్ పత్రం (చిన్న సంస్థగా నమోదైనట్టు ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రం) జతచేశాను. సోమవారం, ఇలాంటి బాకీల ఫిర్యాదులు వినే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు పంపుతున్నాను.