వేలంపాటలో వెనకబడుతున్న గంప

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున జరిగే వేలంపాటలో మత్స్యకార మహిళలు ఏనాటి నుంచో పాల్గొంటున్నారు. ఒక్కరి డబ్బు చాలకపోతే నలుగురు కలిసి ఒక లాటు పాడుకుని గంపల్లో పంచుకుంటారు. కవళ్ళు, నెత్తళ్ళు, సావళ్ళు వంటి చౌక చేపలను ఎండబెట్టి, ఏజెన్సీ సంతల దాకా అమ్మే ఈ వ్యాపారంలో పెట్టుబడి, అప్పు, ధర, లాభనష్టాలు అన్నీ వారి చేతిలోనే ఉంటాయి.

ఆ చౌక చేపకు ఇప్పుడు మరో గిరాకీ వచ్చింది. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక గోదావరి, కృష్ణా జిల్లాల్లో చెరువులు విస్తరించాయి, వాటితోపాటే మేతలో కలిపే చేపపొడి అవసరమూ పెరిగింది. కిలో పొడికి సుమారు 4 నుంచి 5 కిలోల పచ్చి చేప కావాలి. పొడి మిల్లు కోసం కొనేవారికి చేప మెత్తబడినా, నలిగినా పరవాలేదు, పైగా వారు టన్నుల్లో ఎత్తుకుపోతారు. వడ్డీకి తెచ్చిన నాలుగు డబ్బులతో నిలబడ్డ మనిషి వారితో పోటీగా పాట ఎంత దూరం పెంచగలదు?

ఎండబెట్టడం చూసినంత తేలిక కాదు. సావళ్ళను పొట్ట శుభ్రం చేసి, ఉప్పు పట్టించి, కర్రలకు వేలాడదీస్తారు. నెత్తళ్ళను పలచగా పరిచి మాటిమాటికీ తిరగేస్తారు, మబ్బు పడితే పరుగున పట్టాలు కప్పుతారు. తడిస్తే సరుకంతా కోళ్ళ దాణా ధరకు పోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో పచ్చి చేప తగ్గిపోతుంది కనుక, ముందుగా ఎండబెట్టి దాచిన నిల్వే ఆ రోజుల్లో ఇల్లు నడుపుతుంది. ఆ నిల్వ తగ్గితే ఆదుకునే ఏర్పాటు లేదు. నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే, 2025లో 20 వేల రూపాయలకు పెరిగిన భృతి పడవపై వేటకు వెళ్ళేవారి కోసం ఉద్దేశించినది.

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు ఎందరో మహిళలకు పని ఇచ్చిన మాట నిజమే, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. అయితే ఐసు నీళ్ళలో చేతులు పెట్టి తల తీయడం, పొట్టు ఒలవడం, నరం లాగడం వంటి పనులకు చాలాచోట్ల కిలోల లెక్కన కూలి కడతారు. చెరువు సరుకు రాని రోజు ఆ కూలీ ఉండదు. 2025 ఆగస్టులో మన సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఎగుమతిదారుకు వచ్చినలాంటి కష్టం చివరకు పొట్టు ఒలిచే బల్ల దాకా దిగుతుంది. పైగా ఆ గంటల తరబడి నిలువుకాళ్ళ ఉద్యోగం వయసులో ఉన్నవారికే సాగుతుంది, యాభై దాటిన ఎండుచేపల వ్యాపారికి అది ప్రత్యామ్నాయం కాదు. ఉద్యోగాల లెక్క చెప్పేవారు ఈ తేడాను పట్టించుకోరు.

వేలానికి వచ్చిన చిన్న చేపలో కొంత భాగాన్ని చిన్న లాట్లుగా విడదీసి ముందు ఎండబెట్టేవారికి పాడించడం, భృతి జాబితాలో వారి పేర్లు చేర్చడం, హార్బర్ దగ్గర చేపలు ఎండబెట్టే ఎత్తైన గచ్చులూ తాగునీరూ కల్పించడం తక్షణం చేయదగినవి. వీటిలో మొదటిది పెద్దగా ఖర్చులేని పని కనుక అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.