నెట్ బావ సంచిలో ఉండిపోయింది

జపాన్ వెళ్తున్నామంటే చాలు, ప్రతివాళ్ళూ ఒకటే చెప్పారు: పాకెట్ వైఫై, అంటే మొబైల్ నెట్‌ను వైఫైగా పంచే చిన్న పెట్టె, అద్దెకు తీసుకోండి, ఒక్కదానితో ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. తలా ఒక సిమ్ కొనడం కంటే చవకే, కాదనను. బావ ముందుగానే బుక్ చేసేశాడు. నరిటా ఎయిర్‌పోర్టు కౌంటర్లో చిన్న సంచి చేతిలో పెట్టారు. అందులో అరచేతిలో పట్టే పెట్టె, ఛార్జింగ్ కేబుల్, తిరిగి పంపడానికి పోస్టు ఖర్చు ముందే కట్టేసిన కవరు. పది ఫోన్ల దాకా కలుపుకోవచ్చని రాసుంది. ఆ ఫోన్లున్నవాళ్ళంతా పెట్టెను అంటిపెట్టుకుని నడవాలని మాత్రం ఎక్కడా రాయలేదు.

టోక్యోలో చూసిన గుళ్ళూ టవర్లూ అందరూ రాసేవే కాబట్టి వదిలేస్తున్నాను. నేను చెప్పదలుచుకున్నది షింజుకు స్టేషన్ గురించి.

హకోనె వెళ్ళడానికి మేం అక్కడ ఒడక్యూ అనే కంపెనీ రైలుకు మారాలి. ప్రపంచంలోనే అత్యంత రద్దీ స్టేషన్‌గా గిన్నిస్ రికార్డుకెక్కిన చోటు అది. బయటికి దారులే 200కు పైగా. "నేను టికెట్ల సంగతి చూస్తా, మీరు మెల్లగా రండి" అని బావ ముందుకు నడిచాడు, పెట్టె భుజాన ఉన్న సంచిలో పెట్టుకుని. కాసేపటికి మా మ్యాప్ ఆగిపోయింది. ఇలాంటి పెట్టె సిగ్నల్ ఆరుబయటైతే కొన్ని పదుల మీటర్లు వస్తుంది. గోడలు అడ్డొస్తే తగ్గుతుంది, మనుషులు అడ్డొచ్చినా తగ్గుతుంది. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే, వైఫై తరంగాలను నీరు పీల్చేసుకుంటుంది. షింజుకులో ఇక చెప్పేదేముంది.

మా సిమ్‌లకు రోమింగ్ లేదు. నా ఫోన్లో ఆఫ్‌లైన్ మ్యాప్ ఉంది కానీ, నేల కింద జీపీఎస్ అందక చుక్క ఎక్కడో రోడ్డు మీద తిరుగుతోంది. అక్క బావకు వాట్సాప్ కాల్ చేస్తూనే ఉంది, టెన్షన్‌లో చేసిందే చేస్తూ. మేనకోడలు మాత్రం చాలా నెమ్మదిగా చెప్పింది: "మామయ్యా, నెట్ నాన్న దగ్గరుంది. నాన్న ఎక్కడున్నాడో అడగాలంటే నెట్ కావాలి."

ఎక్కడికీ కదలకుండా ఒక స్తంభం పక్కన నిలబడ్డాం. ఎంతసేపని చెప్పను, అక్క మొహం చూస్తే మాత్రం పూటంతా నిలబడ్డట్టుంది. ఉన్నట్టుండి ఆమె ఫోన్ టింగుమంది. వెనకే నాది. బావ ఇంకా కనిపించలేదు, ఆయన కంటే ముందు ఆయన వైఫై వచ్చేసింది! పెట్టె తెర మీద ఎన్ని ఫోన్లు కలిసున్నాయో అంకె కనిపిస్తుందట. నాలుగు ఉండాల్సింది ఒకటే ఉందని చూసి వెనక్కి తిరిగాడట. ఆ అంకె లేని మోడల్ ఎవరైనా అంటగట్టబోతే నేనైతే తీసుకోను.

ఆ రాత్రి హోటల్ వైఫైలో కూర్చుని నా ఫోన్‌లో ఈసిమ్ ఎక్కించుకున్నాను, అంటే కార్డు లేకుండా నెట్ నుంచే ఫోన్‌లోకి దించుకునే సిమ్. అది ఎక్కాలన్నా నెట్ కావాలి మరి. "పెట్టె ఉండగా దండగ ఖర్చు" అన్నాడు బావ. అక్క ఏమీ అనలేదు, నాకు ఓటేసినట్టే.

ఇంకో తలనొప్పి ఉంది. సాయంత్రమయ్యేసరికి పెట్టె నత్తనడక పట్టేది. అన్‌లిమిటెడ్ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, రోజుకు ఇంత దాటితే వేగం తగ్గిస్తామని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంత డేటా ఎవరు వాడుతున్నారని ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నాం. తీరా చూస్తే ఎవరూ కాదు, ఫోన్లే. పెట్టె నుంచి వచ్చేదాన్ని ఫోన్ ఇంటి వైఫై లాగే చూస్తుంది. ఇంకేం, అక్క తీసిన వీడియోలన్నీ బ్యాకప్‌కు పోతున్నాయి, యాప్‌లు వాటంతటవే అప్‌డేట్ అవుతున్నాయి. ఇది పొదుపుగా వాడాల్సిన నెట్ అని ఫోన్‌కు తెలియాలంటే ఆండ్రాయిడ్‌లో ఆ వైఫైని మీటర్డ్ అని మార్చాలి, ఐఫోన్‌లో ‘లో డేటా మోడ్’ పెట్టాలి. అది చేశాక రాత్రి భోజనాల వేళకు కూడా నెట్ మిగిలింది.

కిసో లోయలో మాత్రం బావదే పైచేయి. మగొమె నుంచి త్సుమగొ దాకా పాత నకసెండో బాట, 8 కిలోమీటర్ల నడక, ఎలుగుబంట్లు దూరంగా పోవడానికి దారిలో అక్కడక్కడ గంటలు కట్టి ఉంటాయి. మేనకోడలు ఒక్క గంటనూ వదల్లేదు. చెట్ల మధ్యకు వెళ్ళగానే నా ఈసిమ్ చేతులెత్తేసింది, పెట్టె మాత్రం పనిచేస్తూనే ఉంది. ఫోన్ సిగ్నల్ నడిచే తరంగాల శ్రేణుల్ని బ్యాండ్‌లంటారు, ఒక్కోదానికి ఒక నంబరు. అక్కడ దూరం పోయేవి 700 నుంచి 900 మెగాహెర్ట్జ్ మధ్య ఉండే బ్యాండ్‌లు. డొకొమో అనే జపాన్ మొబైల్ కంపెనీకైతే 800లో బ్యాండ్ 19. వేరే దేశాల కోసం తయారైన చాలా ఫోన్లలో అది ఉండదు, నాదీ ఆ జాతే. కొనేది పెట్టె అయినా ఫోన్ అయినా, వెళ్ళే దేశం బ్యాండ్ నంబర్లు చూడకుండా 5జీ అన్న బొమ్మ చూసి మురిసిపోతే కొండల్లో ఇంతే. బావ దారంతా పెట్టెను చేత్తో పట్టుకునే నడిచాడు, జేబులో పెట్టుకోవచ్చు కదా అన్నా వినలేదు.

తిరుగు ప్రయాణంలో సెక్యూరిటీ దాటకముందే కవర్లో పెట్టి పోస్టు డబ్బాలో వేసేయాలి. బావ కవరు అంటించి, డబ్బాలో పడేసి, చేతులు దులుపుకున్నాడు. "కేబుల్ పెట్టావా?" అంది అక్క. కేబుల్ చెక్-ఇన్ చేసేసిన సూట్‌కేసులో ఉంది. దాని జరిమానా కార్డు మీద పడేసరికి మేం ఇంకా ఇల్లు కూడా చేరలేదు. ఆ డబ్బుతో అలాంటి కేబుళ్ళు నాలుగు వచ్చేవి.